నా గడపకు ఎదురుగా కట్టిన మైకు

ఆదివారం, రాత్రి

నా కొడుకు శ్రీను పోయి ఇంకా నెల కాలేదు. మా వాడకట్టులో ఎవరైనా పోతే, పక్కన పెండ్లి ఉన్నా సరే, మైకు గొట్టాన్ని ఆ ఇంటి వైపు కాకుండా తిప్పి కడతారు. మైకు సెట్టు నడిపిన వాడు ఎన్ని ఇళ్ల కోసం అట్లా తిప్పి కట్టాడో. ఇవాళ ఆ సెట్టు నడుపుతున్న వాని జతగాడు మల్లేశ్ మాత్రం ఎదురింటి పెండ్లికి గొట్టాన్ని సరిగ్గా నా గడపకే పెట్టాడు.

పొద్దటి నుంచి డెబ్బైల నాటి పాటలే. అప్పట్లో రేడియోలో రోజూ మోగినవి, నా పెండ్లిలో వేసినవి. నేను కలుపు తీస్తూ పాడుతుంటే శ్రీను నేర్చుకున్నాడు. వినలేక, మల్లేశ్ దగ్గరికే పోయి అడిగాను.

"ఏందిరా మల్లేశూ, నా ఇంట్ల పీనుగెల్లి నెల గూడ కాలే. యాదికి లేదా?"

"గట్లంటవేందవ్వా. గవి శ్రీనన్న పాటలు. నువ్వు ఇంటవని గిటు పెట్టిన."

"వాని సెట్టు నీకొచ్చింది. పాటలు గూడ నీయేనారా? తిప్పు."

పెండ్లివాళ్లంతా నన్నే చూశారు. చూడనీ. మల్లేశ్ నిచ్చెనెక్కి గొట్టం తిప్పాడు. వాని మీద కోపం తగ్గలేదు. తగ్గకూడదు.

తలుపేసుకున్నాక, శ్రీను ఎప్పుడూ ఆఖరికి వేసే పాట అటు నుంచి సన్నగా వచ్చింది. వాడు ఆ పాటలో మొదటి చరణం కంటే ముందే రెండోది పాడేవాడు, తప్పని నేను కసిరేదాన్ని. ఇప్పుడు నా నోటికీ ఆ రెండోదే ముందు వస్తోంది.