హోబర్ట్ బీరువాలో ఇరవై తూటాలు

పావ్‌పా వాగు,
1953 నవంబరు 20, శుక్రవారం

నాయనా వెర్లిన్‌కి, నీ అమ్మ దీవించి చెప్పి రాయిస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ నీ భార్యా క్షేమం. ఆ క్షయ ఆసుపత్రి వసారాలో చలిగాలికి పడుకోబెట్టినా, నువ్వు దుప్పటి గొంతుదాకా కప్పుకుని, పెట్టిన పాలూ గుడ్లూ వదలకుండా తింటున్నావని నమ్ముతున్నాం. "అందరం క్షేమం" అని రాయబోయింది డెల్ఫియా. వద్దు, ఇద్దరం అని రాయి చాలన్నాను. ఎందుకో ముందుకు చదివితే నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం సోమవారం పొద్దున అందింది. డెల్ఫియా రెండుసార్లు చదివి వినిపించింది. ఆవు పొదుగు వాపు తగ్గింది, మళ్లీ రెండు పూటలా పాలిస్తోంది. నా మోకాలు నాకంటే మొండిది, దాని గోల వదిలేయి. ఆపిల్ ముక్కలు ఎండబెట్టి రెండు గోతాలు అటకెక్కించాం. తూటా గుల్లల మెడ లోపల గీకే తురుము కడ్డీ పదునుగా ఉందా, కొత్తది చేయించి పంపనా అని మళ్లీ అడిగావు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఎస్టెల్‌కి ఈ ఏడు వేట కుదిరిందా అని అడిగావు. కుదరలేదు నాయనా. నీ బావమరిది సోమవారం, దుప్పుల వేట మొదలైన మొదటి గంటలోనే, పెద్దబండ దగ్గర ఒక మగదుప్పిని చూసి తుపాకీ ఎత్తాడు. యుద్ధం నుంచి తెచ్చుకున్న జర్మనీ తుపాకీ, నేను కట్టిచ్చిన తూటా. పేలిన తూటా అడుగు చీలిపోయి, నిప్పుగాలీ ఇత్తడి రజనూ వెనక్కి తన్ని మొహాన కొట్టాయి. కుడికన్ను పోయింది. ఎడమది నిలుస్తుందన్నాడు డాక్టరు. కదలకుండా ఉండాలని నిన్నటిదాకా రెండు కళ్లకీ కట్టు కట్టి పడుకోబెట్టాడు.

అప్పటినుంచి ఈ లోయలో ఎవరి నోట విన్నా నా పేరే. దుకాణంలో పొయ్యి చుట్టూ కూర్చునేవాళ్ల సంగతి నీకు తెలుసు. మంగళవారం కాఫీపొడి కోసం వెళితే ఓకీ మేనార్డ్ కాళ్లు చాపుకుని కూర్చుని, నాకు వినబడాలనే అన్నాడు:

"అక్షరమ్ముక్క రాని ముసలిదానిచేత తూటాలు కట్టించుకుంటే ఇంతే మరి. సూదిలో దారం ఎక్కించలేదు, తుపాకీలో మందు కొలుస్తుందట!"

"ఒరే ఓకీ, నీ పెళ్లికి నీ చొక్కా గుండీలు కుట్టింది ఎవర్రా?" అన్నాను. "నిరుడు నువ్వు తిన్న ఎలుగుబంటి మాంసం ఎవరు కట్టిన తూటాతో పడింది? అప్పుడు నాకు చదువొచ్చిందా?"

పొయ్యి దగ్గరున్నవాళ్లందరూ నవ్వారు. నేను గెలిచి ఇంటికొచ్చాను. ఆ గెలుపు సంగతి కూడా తర్వాత చెబుతాను.

ముందు నా వైపు మాట విను. నువ్వు మంచం పట్టినప్పటినుంచి, మూడేళ్లుగా నువ్వు తూటాలు కట్టే బల్ల దగ్గర నేనే కూర్చుంటున్నాను. జర్మనీ తుపాకీలకి తూటాలు ఇక్కడ దొరకవు గనక, మన అమెరికా సైన్యంవాళ్ల పొడుగు ఇత్తడి గుల్లలు తెచ్చి పొట్టివాటిగా మార్చడం నువ్వు నేర్పిన పనే. గుల్లలని పళ్లెంలో నీళ్లుపోసి నిలబెట్టి, మూతులు మందారరంగు తిరిగేదాకా కాల్చి, నీళ్లలోకి పడదోసి మెత్తబరుస్తాను. రంపంతో కోసి, అచ్చులో పెట్టి నొక్కుతాను. ఏ గుల్ల ఎక్కడ చేసిందో అడుగున అక్షరాలు ఉంటాయట, అవి నాకు చదవరావు. నా వేళ్లకి తెలిసినంత ఆ అక్షరాలకి తెలియదు. ఇక మందు విషయానికొస్తే, నువ్వు గీసిచ్చిన కొలతచెంచా దాటి ఒక్క గింజ కూడా ఎప్పుడూ వేయలేదు. ఇది ఎవరి ముందైనా చెబుతాను.

చెప్పాను కూడా. బుధవారం మధ్యాహ్నం హోబర్ట్ వచ్చాడు. మన చర్చి సంఘంలో పెద్ద, పైగా నాకు తమ్ముడి వరస. టోపీ తీసి మోకాలిమీద పెట్టుకుని కూర్చుని, మజ్జిగ ఇస్తే తాగకుండా పట్టుకున్నాడు.

"అక్కా, శనివారం సభలో నీ మాట ఎత్తుతామంటున్నారు" అన్నాడు. "నిన్ను సంఘంలోంచి తీసేయాలని ఇద్దరు ముగ్గురు పట్టుబడుతున్నారు. నేను ఒక్కటే అడుగుతాను. నీ పనిలో లోపం ఏమన్నా ఉందా?"

"కొలత దాటి ఒక్క గింజ మందు వేయలేదు హోబర్ట్" అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. మజ్జిగ ఒక్క గుక్కలో తాగేసి లేచాడు.

"నాకది చాలు. నువ్వు అబద్ధమాడగా నేను వినలేదు. ఎస్టెల్‌కి కట్టినప్పుడే నాకూ ఇరవై కట్టిచ్చావు గదా, అవి ముట్టుకోకుండా బీరువాలో ఉన్నాయి. శనివారం సభ అయ్యాక గుడి దిగువ చేలో నిలబడి, మా అబ్బాయి యుద్ధం నుంచి పంపిన జర్మనీ తుపాకీలోనే పెట్టి, అందరి కళ్లముందూ ఒకటి కాలుస్తాను. అప్పుడు చూద్దాం ఎవడి నోరు లేస్తుందో."

"ఎందుకొచ్చిన గొడవ హోబర్ట్?" అన్నాను.

"నీకోసమే అక్కా" అని వెళ్లిపోయాడు.

ఇప్పుడు కడ్డీ సంగతి. డెల్ఫియా, కలం దించకు. నేనన్నది అన్నట్టు రాయి, సరిచేయకు.

వెర్లిన్, పొడుగు గుల్లని కోస్తే, అంతకుముందు భుజంగా ఉన్న చోటు కొత్త మెడ అవుతుంది, అక్కడ ఇత్తడి మందంగా ఉంటుంది, లోపల తురిమి పలచన చేయకపోతే తుపాకీలో మెడ విచ్చుకునే చోటుండదు, గుండు బిగుసుకుని వదలదు, మందు బలమంతా వెనక్కి తంతుంది అని నువ్వు నాకు ఎన్నిసార్లు చెప్పావో లెక్కలేదు. సెప్టెంబరులో ఆ కడ్డీ మొద్దుబారింది. నీకు రాయించి, కొత్తది వచ్చేదాకా ఆగాలంటే వేట దాటిపోతుంది. "అర్మింటాకి ఈ ఏడు చేతకాలేదు" అంటారని నాకు రోషం. మీ నాన్న మంగలికత్తి నూరుకునే రాయి తీసి, కడ్డీ అంచులు చుట్టూతా నూరాను. అద్దంలా మెరిసింది. నూరితే కడ్డీయే వెంట్రుకవాసి సన్నబడుతుందని నాకు తట్టలేదు. తర్వాత అది గుల్లల్లోకి వెన్నలో కత్తిలా దిగింది. తురుము చిటికెడే రాలింది. పదును బాగా పట్టిందని మురిసిపోయాను. అలా మెడలు మందంగానే ఉన్న గుల్లలతో నలభై కట్టాను. ఎస్టెల్‌కి ఇరవై, హోబర్ట్‌కి ఇరవై.

పది రోజులకి నీ ఉత్తరం వచ్చింది. "మొద్దుబారితే చెప్పు, నువ్వు మాత్రం రాతిమీద పెట్టకు" అని ఉంది అందులో. డెల్ఫియా చదువుతుంటే నేను చేసిన తప్పు అప్పుడు తెలిసింది. కడ్డీ బాగానే ఉందని రాయించాను. తూటాలు ఇచ్చేశాను, వెనక్కి అడిగితే నవ్వుతారు, ఏమీ కాదులే అనుకున్నాను. అదీ నేను చేసింది.

ఇంకొకటి ఉంది. మంగళవారం దుకాణంలో ఓకీ నోరు మూయించానే, దానికి గంట ముందు ఎస్టెల్‌కి చిక్కుడుగింజల చారు పట్టుకెళ్లాను. పేలిన గుల్లని తుపాకీలోంచి సుత్తితో కొట్టి తీశారట, కిటికీ గట్టుమీద పెట్టారు. కాల్చిన గుల్ల మూతిలోకి కొత్త గుండు తనంతట తాను జారిపోతే మెడ పలచన సరిపోయినట్టని నువ్వే నేర్పావు. నా జేబులో ఒక గుండు ఉంది. పెట్టి చూశాను. దిగలేదు. తిప్పి నొక్కాను. దిగలేదు.

"ఏం చేస్తున్నావత్తా, చప్పుడవుతోంది?" అన్నాడు ఎస్టెల్ మంచంమీంచి, రెండు కళ్లకీ కట్టుతో.

"గిన్నె సర్దుతున్నానురా" అన్నాను. ఆ గుల్ల జేబులో వేసుకుని వచ్చేశాను. చూపులేని మనిషి ఎదుట దొంగతనం చేసింది మీ అమ్మ.

డెల్ఫియా కలం కిందపెట్టింది. ఇక్కణ్నుంచి ఆమె రాస్తున్నది రాత్రి అన్నం వేళ దాటాక. మధ్యలో ఏమైందో చెబుతాను. నీ భార్య లేచి పెరట్లోకి వెళ్లింది. గొడ్డలి చప్పుడు వినిపించింది. వారానికి సరిపడా కట్టెలు కొట్టింది. అప్పుడొచ్చి గుమ్మంలో నిలబడింది.

"సోమవారం నుంచీ నువ్వు వాణ్ని తిడుతుంటే నీ పక్కన కూర్చుని విన్నానత్తయ్యా. తుపాకీ శుభ్రంగా ఉంచుకోలేదు, వాడిదే అజాగ్రత్త అని నువ్వంటే తలూపాను. నా సొంత తమ్ముణ్ని."

"ఊపావు" అన్నాను.

"కోటు తొడుక్కో. ముందు హోబర్ట్. తర్వాత మావాడు. వాడికి నీ నోటితోనే చెప్పాలి, నేను సాయం రాను."

నడిచే వెళ్లాం. హోబర్ట్ తుపాకీ బల్లమీద పరిచి గొట్టానికి నూనె రాస్తున్నాడు, రేపటి కోసం. పక్కనే ఆ ఇరవై తూటాలూ వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటిని చూసి నాకు గుమ్మం దాటడం కష్టమైంది.

"హోబర్ట్, వాటిలో ఒక్కటి కూడా కాల్చకు. నీ కన్నూ పోతుంది."

"నాకేదో అవుతుందని భయపడి ఇలా అంటున్నావా అక్కా?" అన్నాడు నవ్వుతూ.

"మొన్న నువ్వు అడిగింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. మందు గురించి నువ్వడగలేదు."

గుల్లనీ గుండునీ వాడి చేతిలో పెట్టాను. వాడికి పని తెలుసు. ఒకసారి పెట్టి చూశాడు, అంతే. కుర్చీలో కూర్చుని ఆ తూటాలని ఒక్కొక్కటే పక్కకి పడుకోబెట్టాడు.

"రేపు చేలో నా చుట్టూ మనవలు కూడా ఉండేవాళ్లు" అన్నాడు చివరికి. తర్వాత, "సభలో నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నా నోరు నాకుంది."

"నిన్ను తీసేయాలని చెయ్యెత్తేవాళ్లలో నేనూ ఉంటానక్కా."

"ఉండాలి. ఎత్తకపోతే నీ గడప తొక్కను" అన్నాను. ఆ గుల్లా గుండూ తిరిగి తీసుకుని, ఇరవై తూటాలూ రుమాల్లో మూటకట్టుకుని వచ్చాను. ఇంటికొచ్చి గుండ్లు పీకి మందు పారబోశాను.

ఇంటికొచ్చే ఆ దారిలోనే ఎస్టెల్ ఇల్లు. డెల్ఫియా కంచె దగ్గరే ఆగిపోయింది. ఎడమకంటికి కట్టు విప్పారు, కూర్చుని ఉన్నాడు. నేను నిలబడే చెప్పాను, ఏదీ దాచలేదు, గుల్ల ఎత్తుకెళ్లిన సంగతితో సహా. వాడు చెయ్యి చాపాడు. గుల్లా గుండూ ఇచ్చాను. గుల్లని ఆ ఒక్క కంటికి దగ్గరగా పెట్టుకుని, గుండు మూతిమీద ఆనించి తడిమాడు.

"నాలుగు రోజులుగా గొట్టంలోకి మంచు పోనిచ్చానేమో, బురద పోనిచ్చానేమో అని నన్ను నేను చంపుకుంటున్నానత్తా" అన్నాడు. "నాదే తప్పని డాక్టరుకి చెప్పాను. అందరికీ చెప్పాను. నువ్వు లోపం లేదన్నావు గదా మరి."

కొడితే బాగుండుననిపించింది వెర్లిన్. డెబ్భై రెండేళ్లొచ్చాయి నాకు, ఎవరి ముందూ తల దించలేదు. వాడి మంచం పట్టె చూస్తూ నిలబడ్డాను.

"రేపు ఎన్నింటికి సభ?" అన్నాడు.

"పదింటికి."

"దూరం దగ్గరా ఇంకా తెలియడం లేదు, వాగుమీద దుంగ దాటలేను. నువ్వొచ్చి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లు. డెల్ఫియా వద్దు. నువ్వే రా."

క్షమించి అన్నాడో, నా చేతులు చేసినదాన్ని ఊరంతా చూడాలని అన్నాడో నాకు తెలియలేదు. అడగలేదు, అడిగే మొహం లేదు. వస్తానన్నాను.

నాయనా, నా తరఫున హోబర్ట్‌కి గానీ సంఘానికి గానీ ఒక్క ముక్క రాయకు. నువ్వు మంచంమీద ఉన్నావని జాలిపడి వాళ్లు చేతులు దించుకుంటే నాకది ఒద్దు. కోపం వస్తే నాకు రాయి, డెల్ఫియా చదువుతుంది, నేను వింటాను. డెల్ఫియా ఇంకా నాతో మాట్లాడటం లేదు, చెప్పింది మాత్రం రాస్తోంది. తొమ్మిదింటికల్లా బయల్దేరితే వాగు దగ్గర తొందరపడక్కర్లేదు. ఆ దుంగమీద ముందు నేను వెనక్కి నడవాలి, వాడు నా రెండు చేతులూ పట్టుకుని రావాలి.

ఇట్లు,
నిన్ను కన్నతల్లి అర్మింటా
(పేరు డెల్ఫియా రాసింది, పక్కనున్న గీత నాది) ✕