మార్చుకున్న వాగ్దానం

అక్కా,

నువ్వు లేని మొదటి కొత్త సంవత్సరం ఇది. పొద్దున బల్మూర్ చర్చిలో వాగ్దానపు కార్డుల పళ్లెం ఎప్పటిలాగే వరుస వెంట వచ్చింది. చూడకుండా ఒకటి తీయాలి, అందులోని బైబిల్ వచనమే ఏడాదంతా మనకు దేవుడిచ్చే మాట. నా చెయ్యి లేవలేదు.

పోయినేడు నాకు కన్నీళ్ల వచనం వచ్చిందని ముఖం మాడ్చుకుంటే, నీకొచ్చిన దీర్ఘాయువు కార్డు నా బైబిల్లో పెట్టి నాది లాక్కున్నావు. "దేవుడు నాకిచ్చిండు, నేను నీకిస్తున్న. గంతే" అన్నావు. వానాకాలంలో నువ్వు జ్వరంతో నాగర్‌కర్నూల్ దవాఖానకు పోయి, తిరిగి రాలేదు.

కార్డులు మార్చుకున్నందుకే ఇలా అయిందా అని పాస్టరుగారిని అడిగాను. "మీరు మార్చుకునుడు గూడ ఆయన ముందే రాసిపెట్టిండు బిడ్డా" అన్నారు.

"మరి మా అక్క ఇష్టపడి ఇచ్చింది గద?"

"అదీ నిజమే."

ఎటు తిరిగినా గోడే అక్కా. ఆయన రాసిందైతే నువ్వు నాకేమీ ఇవ్వనట్టు. నువ్వు ఇచ్చిందైతే నీ ఆయుష్షు నేను తింటున్నట్టు.

చివరికి పాస్టరమ్మే ఒక కార్డు నా చేతిలో పెట్టింది. ఇంకా తిప్పి చూడలేదు. నువ్వుంటే లాక్కుని చదివేదానివి. మంచిదైతేనే తిరిగిచ్చేదానివి.