పోపు ఘాటు

హెలెనక్కా,

"బడి మానేసినట్టే కొండ మీద వంట పనీ వదిలేశావా" అని నిన్న ఫోన్ పెట్టేశావు. ఇప్పుడు ఎత్తట్లేదు, అందుకే ఈ కార్డు. నేను వదల్లేదక్కా, వాళ్లే పొమ్మన్నారు.

శనివారం కొండలెక్కి వానలో తడిసి బసకొచ్చిన వాళ్లకి వేడిగా పప్పు పెడదామని, నీలాగే ఎండుమిరపకాయలతో పోపేశా. ముందు నాకు దగ్గొచ్చింది, తర్వాత అందరికీ. పోపు ఘాటని ఎంత చెప్పినా కోవిడ్ అనుకుని ఆ వానలోనే కిందకి దిగిపోయారు. టెస్ట్‌లో ఏమీ లేదన్నా, నన్ను పనిలో పెట్టుకున్న గైడ్ ఇంక రావద్దన్నాడు. ఈ రోజుల్లో ఇంకెవరు పెట్టుకుంటారు నన్ను?

పాపకి జలుబు తగ్గిందా? నా దుప్పటి బావ ఎవరికీ ఇచ్చెయ్యలేదు కదా? లూకన్‌లో మీ ఇంటికే వస్తున్నా. తిట్టు, కానీ తలుపు తియ్యక్కా. నువ్వూ వద్దంటే ఎక్కడికి పోవాలో తెలీట్లేదు. మిమ్మల్ని ప్రభువు చల్లగా చూడాలి. వ్యాన్ వాడు పిలుస్తున్నాడు, పోవాలి.

శౌరి