ఇర్మెలా ముఖంలో నీలం

లైప్‌జిగ్,
9 మార్చి 2019

పూజ్యులైన ఫోల్క్‌మార్ మాస్టారికి,

సిల్కే నమస్కారాలు. రెండో కంటి కట్టు కూడా విప్పేశారని విని స్థిమితపడ్డాను. మీ ద్వీపంలో గాలి ఇంకా కోస్తూనే ఉంటుంది, నల్లద్దాలు లేకుండా ఒడ్డుకు పోకండి. ఇక్కడ నేనూ, నా తరగతి పిల్లలూ క్షేమం. వాళ్ళలో ఇద్దరు మీలాగే బొమ్మ ముందు కూర్చుని రొట్టె తినడం నేర్చారు. బొమ్మ వేయడమే ఇంకా రాలేదు.

నిన్న ఫోన్లో మీరు కేకలేస్తుంటే సరిగా జవాబు చెప్పలేకపోయాను. నాకు మాట ఎప్పుడూ ఆలస్యంగానే తోస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

"నాలుగేళ్ళపాటు అన్నిటినీ నీలిమందు తొట్టిలో ముంచి తీశాను గదే," అన్నారు. "ఆ పత్రికవాడు నీలి దశ అని రాస్తే కత్తిరించి గోడకంటించుకున్నాను, సిగ్గులేని ముసలాణ్ణి. దశా లేదు, గిశా లేదు, కళ్ళలో శుక్లాలు. అన్నీ పసుపుగా కనబడుతుంటే నీలం గుమ్మరిస్తూ పోయాను. నువ్వూ నవ్వుకునే ఉంటావులే." ప్రదర్శనకు బొమ్మలు తీసుకెళ్ళే మ్యూజియం బండి గురువారం వస్తుందనీ, ఈలోగా పోయిన వేసవిలో వేసిన మీ ఆవిడ ఇర్మెలా గారి బొమ్మకు తెల్లరంగు పూసేసి, కొత్త కళ్ళతో మళ్ళీ వేస్తాననీ చెప్పారు. పెద్ద డబ్బా తెల్లరంగు పట్రమ్మని నాకే పురమాయించారు. చివర్లో గొంతు తగ్గించి, "పోయే ముందు ఆ ఆఖరి రోజుల్లో ఇర్మెలాను సరిగా చూడనైనా లేదు సిల్కే," అన్నారు.

నేను నవ్వుకోలేదు మాస్టారూ.

ప్రదర్శన గోడ మీద పెట్టడానికి మీ జీవితం ఒక్క పేజీలో రాయమని నాకు అప్పగించారు కదా, ఎన్నిసార్లు రాసినా చించేస్తున్నాను. సైన్‌బోర్డులు రాసే నాన్న, కుర్రతనంలో పింగాణీ కప్పుల మీద మీరు వేసిన గులాబీలు, ఉక్కు కార్మికుల్ని కాంటీన్ గోడ మీద వేయమంటే అక్కడ సూపు పోసే ఆడవాళ్ళను వేసి తిన్న చీవాట్లు, బెర్లిన్ గోడ పడ్డాక ఆ కాంటీన్‌తో పాటు మట్టిలో కలిసిన ఆ బొమ్మ, ముప్ఫై ఏళ్ళ పాఠాలు. అన్నీ నిజమే. చదివితే మాత్రం మీరు కనబడటం లేదు.

నాకు మీరు కనబడేది మీ తరగతిలో నా రెండో ఏడులో. అంతకు ముందు ఏడాది వేసిన రేవు బొమ్మను దిద్దుతున్నాను. మీరు ఎవరి బొమ్మనూ, ఎవరి కుంచెనూ ముట్టుకునేవారు కాదు. స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు. "ఎవరిదిది?" అన్నారు. నాదేనన్నాను. "నీది కాదు. పోయినేటి సిల్కేది. అడుగుదామంటే ఆ పిల్ల ఇప్పుడు లేదు. పరాయిదాని బొమ్మ మీద చెయ్యి వేస్తావా? పో, చట్రానికి కొత్త గుడ్డ బిగించుకో." తరగతంతా నవ్వింది. నేను ముక్కు చీదుకుంటూ కొత్త గుడ్డ బిగించాను.

మరి మబ్బు కమ్మిన కళ్ళతో ఇర్మెలా గారిని వేసిన మనిషి ఇప్పుడున్నాడా? అతన్ని అడిగారా?

ఆ బొమ్మ గొప్పదని మిమ్మల్ని బుజ్జగించను. అది గొప్పదో కాదో నాకే తెలీదు. ఒక రోజు దాని ముందు నిలబడితే ఊపిరి ఆగుతుంది, మరో రోజు ఆ చెంపలు చలికి నీలుక్కుపోయినట్టుంటాయి. ఇన్నేళ్ళుగా పిల్లలకు మంచీ చెడూ చెబుతున్న నాకు ఈ ఒక్కదాని గురించి నిర్ణయం కుదరడం లేదు. కుదరకపోయినా ఉండనివ్వండి.

తెల్లరంగు తీసుకురాను. బుధవారం మధ్యాహ్నం రైలుకు కొత్త గుడ్డ పట్టుకుని వస్తాను. దాని మీద మీ ఇష్టం.

పాతికేళ్ళుగా మీ ఓర్పును పరీక్షిస్తున్న
సిల్కే

తా.క. సంతకం పెట్టాక కూడా కవరు అంటించలేకపోయాను. అసలు మాట రాయలేదు. పోయిన జూన్‌లో నేను మీ ఇంట్లో ఉన్నప్పుడు, వంటింట్లో తెల్ల ఆస్పరాగస్ కాడల చెక్కు తీస్తూ ఇర్మెలా గారు తన చేతులు చాచి చూపించారు. ఆవిడది కాలేయం జబ్బని మీకు తెలుసు. కామెర్లు ముదిరి ముఖమూ, చేతులూ, కంటి తెల్లగుడ్లూ నిమ్మతొక్కలా అయిపోయాయని మాత్రం మీకు తెలీదు. అప్పటికి మీ కళ్ళకు లోకమంతా పసుపే. "అందులో నేనూ కలిసిపోయాను, అదృష్టం," అన్నారావిడ. మే నెలలో జరగాల్సిన మీ కంటి ఆపరేషన్‌ను చలికాలానికి జరిపించింది ఆవిడే. డాక్టరు సెలవులో ఉన్నాడన్నది అబద్ధం. "ఈ ముఖం ఆయన చూడనక్కర్లేదు. నేనుండగా చెప్పావంటే ఊరుకోను," అన్నారు. రోజూ పొద్దున్నే అద్దం చూసుకుని, ఆ తర్వాత వచ్చి మీ ముందు కూర్చునేవారట. మీరు నీలం కలిపీ కలిపీ, ఇదిగో ఇప్పుడొచ్చావు నువ్వు, అనేవారట. అద్దం కన్నా ఆయనే నయం, అన్నారు.