వంగకుండా జీడిపిక్కలు ఏరు విధానము

పీఠిక

ఏ పనికైనా ఒక పద్ధతి ఉండాలి. పద్ధతి లేకుండా వంగినందువల్లనే నా నడుములోని డిస్కు అరిగిపోయి, దాని స్థానంలో విశాఖపట్నంలో కృత్రిమ డిస్కు నియమితమైనది. మెడలోని డిస్కు సైతం అదే దారిలో ఉన్నదనీ, జాగ్రత్తపడితే అక్కడ కోత తప్పుతుందనీ డాక్టరుగారు సెలవిచ్చారు. కావున, టెక్కలిలో ఒక కార్యాలయపు సీనియర్ అసిస్టెంటును, ప్రస్తుతం సెలవుపై వజ్రపుకొత్తూరు దగ్గరి స్వగ్రామంలో ఉన్నవాడను అయిన నాచేత, తదుపరి పరీక్ష వరకు వంగరాదని తీర్మానించడమైనది.

మార్చి 17, 2008

అద్భుతం! నిటారుగా లేచాను. నిటారుగా కాఫీ తాగాను. చెప్పులు నా భార్య వనజ తొడిగింది. ఆమె ముఖం చూస్తే ఈ విధిని ఆమెకు శాశ్వతంగా అప్పగించరాదని తోచింది.

మార్చి 20

పరామర్శలు. బావమరిది ఢిల్లీబాబు హార్లిక్స్ సీసాతో వచ్చాడు.

"బావా, కొత్త బిళ్ళ పన్సేత్తందా లేదా? ఓపాలి ఒంగి సూపించు."

నిరాకరించాను.

"కొత్త సైకిలు కొని తొక్కకపోతే ఎలగ బావా?"

వాదనలో బలం ఉన్నది. అయినా నిరాకరించాను. నా నిగ్రహానికి నేనే ఆశ్చర్యపోయాను!

మార్చి 26

జీడితోటకు వెళ్ళాను. చూడటానికి మాత్రమే. చెట్ల కింద పిక్కలు రాలి ఉన్నాయి. ఏరేవాళ్ళు శుక్రవారం గానీ రారు. జీడితోటల సీమైన మా ఉద్దానంలో పుట్టినవాడు పామునైనా దాటుతాడు గానీ, రాలిన పిక్కను దాటి నడవడు. కుడికాలి వేళ్ళతో పట్టి, కాలు వెనక్కి మడిచి, చేత్తో అందుకున్నాను. నడుము వంగలేదు. విధానం ఆమోదింపబడినది.

ఏప్రిల్ 2

జీడిసొన తగిలి కాలివేళ్ళు పొక్కాయి. నిబంధనకు సవరణ: గొంతుక్కూర్చోవడం వంగడం కిందికి రాదు. ఈ సవరణను చెట్టు కింద గొంతుక్కూర్చునే ప్రకటించాను.

తట్ట నిండింది. చంకన పెడితే నడుము ఒరుగుతుంది. అందుచేత నెత్తిన పెట్టుకున్నాను. నడుము స్తంభంలా నిలిచింది. డాక్టరుగారు చూసి ఉంటే ఫొటో తీయించేవారు.

ఏప్రిల్ 9

రోజూ ఒక తట్ట. ఈ ఉదయం గుమ్మంలోనే వనజ ఎదురైంది.

"ఏటండీ, ఏటి సేత్తన్నారు?"

"నడుము వంచలేదు."

"నెత్తి మీదదేటి?"

"తట్ట. నెత్తి తీర్మానంలో లేదు."

"ఆ మెడ ఎవులిదనుకున్నారు? మా తమ్ముడిదా?"

సమాధానం పరిశీలనలో ఉన్నది.

ఏప్రిల్ 14

ఎడమచేయి తిమ్మిరి. దిండు దోషమని నిర్ధారించి దిండు మార్చాను.

సాయంత్రం ఢిల్లీబాబు.

"పిక్కల తట్టయితే నీనూ మోత్తాను బావా. మా పెరట్లో పనసకాయుంది. అది మోసి సూపించు, ఒప్పుకుంతాను."

అది గవర్నమెంటు ఉద్యోగి ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం. మోశాను. వీధి జనం చప్పట్లు కొట్టారు! దించగానే తల ఎడమవైపు తిరిగి అక్కడే ఆగిపోయింది. రాత్రి భోజనంలో కూర కుడివైపున ఉన్నందున పచ్చడితో సరిపెట్టుకున్నాను.

ఏప్రిల్ 28, విశాఖపట్నం

డాక్టరుగారు నడుము ఎక్స్‌రే చూశారు. "బ్రహ్మాండం. ఇంత క్రమశిక్షణ నేను చూడలేదు."

వనజ వైపు గర్వంగా చూడబోయాను. మెడ తిరగలేదు.

అప్పుడాయన మెడకు పరీక్షలు చేయించారు. వచ్చిన ఫిలింను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. "ఈమధ్య బరువేమైనా మోశారా?"

నేను జవాబు ముసాయిదా తయారుచేసుకుంటూ ఉండగానే వనజ అందుకుంది. "మొయ్యకేటి బాబూ! తలకాయొకటే కాళీగుందని దానిమీదెట్టీసినారు."

మెడలోనూ డిస్కు మార్చాలట.

మే 19

మార్చారు. నడుముకు ఒకటి, మెడకు ఒకటి. గొంతు చుట్టూ పట్టీ. చెప్పులు మళ్ళీ వనజే తొడుగుతోంది, ఈసారి కాస్త గట్టిగా.

తీర్మానం ఈ రోజు నుండి పునఃప్రారంభం. నడుము, మెడ, నెత్తి, కాలివేళ్ళు, గొంతుక్కూర్చోవడం, ఢిల్లీబాబు: అన్నీ నిషేధిత జాబితాలో చేర్చాను. ఇక లోపమే లేదు!

కిటికీలోంచి తోట కనిపిస్తున్నది. టప్పున ఒక పిక్క, పండుతో సహా రాలింది. మరొకటి. అరికాలు దురద పెడుతున్నది.

ఆలోచించగా, దోషం నా ప్రవర్తనలో కాక చెట్ల ప్రవర్తనలో ఉన్నదని తేలింది. కావున ఉత్తర్వు: మా తోటలోని ఏ జీడిపిక్కా యజమాని ఛాతీ ఎత్తుకు దిగువన రాలరాదు. ఇది అంతిమం. చెట్ల తరఫున అప్పీళ్ళు స్వీకరించబడవు.