పెట్టెలో లేని మౌత్‌పీస్

ఆదివారం, మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ నా నోరు తప్ప అందరం క్షేమం. అక్కడ నువ్వు క్షేమంగానే ఉంటావు, బ్యాండులో నా కుర్చీ ఖాళీ అయిందిగా!

ఫోన్లో అయితే నువ్వు నీళ్ళు నములుతావు, నా మాటలేమో పళ్ళ సందుల్లోంచి జారిపోతాయి. అందుకే ఉత్తరం. నా క్లారినెట్ మౌత్‌పీస్ ఎందుకు పట్టుకుపోయావు?

నాకు మొదట్నుంచీ అనుమానమే. పై పళ్ళు ముందుకు జరిగి, ఊదుతుంటే గాలి పక్కలకి పోతోందని చెప్పగానే, మా అమ్మాయికి చూపించు అన్నయ్యా అని నువ్వే తొందరపెట్టావు. నీ కూతురు పళ్ళ డాక్టరు. నువ్వు నా పక్కనే కూర్చునే రెండో క్లారినెట్‌వి. ఇందులో ఏమీ లేదనుకోమంటావా?

అమ్మాయి చూసి, ఇది చిగుళ్ళ జబ్బు పెదనాన్నా, లోపల ఎముక తరిగి పళ్ళు పట్టు తప్పాయి అంది. చిగుళ్ళ కింద గార గీకింది. మరి పళ్ళని వెనక్కి లాగే క్లిప్పులెప్పుడంటే, రక్తం కారడం ఆగాకే, వాచిన చిగుళ్ళ మీద లాగితే పళ్ళు చేతికొస్తాయి అంది. అలా నెలలు గడిపేసింది. తీరా క్లిప్పులు వేశాక, మౌత్‌పీస్ ఒత్తిడికి పళ్ళు మళ్ళీ ముందుకొస్తాయి, క్లారినెట్ ముట్టుకోవద్దు అంది. పైగా పళ్ళు ఇదివరకటికంటే ఎక్కువ ఊగుతున్నాయి! అడిగితే, జరిగే పన్ను కాస్త ఊగుతుంది పెదనాన్నా అని నవ్వుతుంది. అచ్చం నీ నవ్వే.

కచేరీ దగ్గరపడింది. అందులో సోలో నాది. అది నీకు దక్కాలని తండ్రీకూతుళ్ళు ఆడుతున్న నాటకం కాదా ఇది? నేను చాటుగా సాధన చేస్తున్నానని నీకెవరు మోశారో గాని, నువ్వొచ్చి వెళ్ళిన సాయంత్రమే పెట్టెలో మౌత్‌పీస్ మాయం. నిలదీస్తే, నేనే తీశాను, క్షమించు అన్నావు. ఎందుకో మాత్రం చెప్పవు. మీ వదినకి కూడా నీ మీద ఎంత కోపమో, నీ పేరెత్తితే చాలు వంటింట్లోకి వెళ్ళిపోతోంది.

రేపే వెళ్ళి ఈ క్లిప్పులు పీకించేస్తాను. మౌత్‌పీస్ తిరిగి రాకపోతే మనకి మాటల్లేవు.

ఇంకా నీ అన్నయ్యనే అయిన,
అన్నయ్య

తా.క.: క్లిప్పులు పీకించేస్తున్నానని చెప్పగానే మీ వదిన తన కుట్టుపెట్టెలోంచి మౌత్‌పీస్ తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద రక్తం చూసి తనే దాచిందట. నువ్వొచ్చినప్పుడు నీకు మాత్రం చెప్పుకుందట. నేనడిగేసరికి తప్పు నువ్వు నెత్తిన వేసుకున్నావు. నేను ఆవిడ మీద విరుచుకుపడతానని ఇద్దరికీ అంత భయమా తమ్ముడూ? సిగ్గుతో చచ్చిపోతున్నాను. పైన రాసినవన్నీ కొట్టెయ్యకుండానే పంపుతున్నాను, నువ్వు పడ్డ మాటలు నీకు తెలియాలిగా. సోలో నువ్వే వాయించు. క్లిప్పులు ఉంటాయని అమ్మాయికి చెప్పు.

మీ వదిన ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, నేనెప్పుడు అరుస్తానా అని చూస్తూ. ఇక ఆపుతాను. లేచి వెళ్ళి ఆవిడతో మాట్లాడాలి.