శుభలేఖకు అనుమతి లేదు

హిమాయత్‌నగర్

మంగళధ్వని కార్డ్స్ (ఆబిడ్స్) యజమాని మహీధర్ గారికి,

నమస్కారం. ఇది క్షేమసమాచారాల ఉత్తరం కాదు కాబట్టి మీ క్షేమం అడగడం లేదు.

మా తమ్ముడు రామచందర్ కూతురు హాసిని పెళ్లికార్డు మీ దగ్గరే వేయిస్తున్నాం. అందులోని మాటలన్నీ స్వయంగా నేనే రాసి, నాంపల్లిలోని మీ ప్రెస్సులో ఇచ్చి వచ్చాను. నిన్న మా తమ్ముడు మీ వెబ్‌సైట్ తెరిచి నమూనా చూపించాడు. ఆహ్వానించువారిలో ఉస్మాన్‌గంజ్‌లో ఉండే వాడి బామ్మర్ది దాకా అందరూ ఉన్నారు. ఇంటికి పెద్దవాణ్ణి, నేను లేను!

అడిగితే "అన్నా, పెట్టినం. మళ్ల పోతున్నది" అంటాడు. పేరు దానంతటది ఎక్కడికి పోతుందండీ? ఒళ్లు మండి ఫోన్ ఆపేశాను. మీరూ కాగితం మీదే జవాబివ్వండి. నా పేరు లేకుండా కార్డు వచ్చిందా, పెళ్లింటి గడప తొక్కను.

ఇట్లు,
అమరేశ్వరరావు
రిటైర్డ్ సూపరింటెండెంట్

తా.క. ఆ బామ్మర్ది పేరొక్కటే అంత లావుగా ఎందుకుంది?

---

ఆబిడ్స్

పెద్దలు అమరేశ్వరరావు గారికి మహీధర్ నమస్కారాలు.

మీ పేరు ఎవరూ తీసేయలేదండీ. మా వెబ్‌సైట్ నడిచేది ఇక్కడ, ఆబిడ్స్ షాపు కంప్యూటర్లో. కార్డుల ఫైళ్లు ఉండేది నాంపల్లి ప్రెస్సులో ఉన్న స్టోరేజీ డబ్బాలో. రెంటికీ మధ్య నెట్‌వర్క్. ఇక్కడ మీ పేరు కొట్టి సేవ్ నొక్కితే "అనుమతి లేదు" అని వస్తోంది. అంటే డబ్బా ఫైలు చూడనిస్తోంది గానీ మార్చనివ్వడం లేదు. తెర మీద మీ పేరు కాసేపు కనిపిస్తుంది, పేజీ మళ్లీ తెరిస్తే ఉండదు. మీ తమ్ముడు చెప్పింది నిజమే.

జర ఓపిక పట్టండి, బాగుచేయిస్తాం.

మీ
మహీధర్

తా.క. బామ్మర్దిగారి పేరు లావు కాదండీ, పొడవు.

---

హిమాయత్‌నగర్

మహీధర్ గారికి,

మీ ఉత్తరం అందింది, విషయం మాత్రం అందలేదు.

నాంపల్లి ఆఫీసులో నేను పనిచేసినన్నాళ్లూ నా సంతకం లేకుండా ఒక్క ఫైలు టేబుల్ దాటలేదు. అదే నాంపల్లిలో ఇవాళ నా పేరుకు అనుమతి లేదా? నిరాకరించిందెవరో పేరు, హోదాతో సహా తెలపండి. డబ్బా నిరాకరించిందని రాయకండి, డబ్బాలకు అంత ధైర్యం ఉండదు. వెనకాల మా తమ్ముడున్నాడా? ఉంటే ఉన్నాడని రాయండి, నేనేమీ అనుకోను.

ఇట్లు,
అమరేశ్వరరావు

తా.క. అనుకుంటాను.

---

ఆబిడ్స్

పెద్దాయనకు మహీధర్ నమస్కరించి రాయడం ఏమనగా,

టెక్నీషియన్ విజయేందర్‌ను పిలిపించాం. ప్రతి కంప్యూటర్లో ఒక పెద్ద యూజర్ ఉంటాడట, ఆయన మాటకు ఎదురుండదట. విజయేందర్ ఆ పెద్ద పేరు మీద ఆబిడ్స్ నుంచి ప్రయత్నించాడు. నాంపల్లి డబ్బా ఖాతరు చెయ్యలేదు. మీరు స్పష్టంగా రాయమన్నారు గనక అతనన్న మాటే రాస్తున్నాను: "ఈడ పెద్దమనిషే సార్, గాడ ఆయన్ని ఎవ్వరు పట్టించుకోరు."

డబ్బా పాస్‌వర్డ్ మా ప్రెస్సు ఆపరేటర్ కరుణాకర్ దగ్గరే ఉంది. అతను చెల్లెలి పెళ్లికని ఊరెళ్లాడు, ఫోన్ కలవడం లేదు. వచ్చాక చూద్దాం.

మీ
మహీధర్

తా.క. ఫైలును ఎవరైనా మార్చగలిగేలా తెరిచి పెడదామని కూడా చూశాం. అలా తెరవడానికీ అనుమతి లేదంది.

---

హిమాయత్‌నగర్

మహీధర్ గారికి,

ఈడ పెద్దమనిషి, గాడ ఎవ్వరు పట్టించుకోరు. బాగుంది. మీ షాపు పేరుతో ఈ మాట రాయించిందెవరో నాకు తెలియదనుకోకండి. 'గాడ' అంటే చాదర్‌ఘాట్, మా తమ్ముడి ఇల్లు.

హాసిని స్కూలుకు వెళ్లినన్నాళ్లూ నా స్కూటర్ మీదే వెళ్లింది. నా వీపుకు ఆనుకుని నిద్రపోయేది. పడిపోతుందేమోనని తువ్వాలతో నా నడుముకు కట్టుకునేవాణ్ణి. ఆ పిల్ల పెళ్లికి నా పేరు బరువైపోయింది. చాలా బాధగా ఉందని రాయడానికి నేనేం సిగ్గుపడటం లేదు.

కార్డు అలాగే వేసేయండి. నేను వెళ్లను.

ఇట్లు,
అమరేశ్వరరావు

తా.క. విందులో బగారా అన్నం ఉందో లేదో మీకేమైనా తెలుసా? ఊరికే అడిగాను.

---

ఆబిడ్స్

అమరేశ్వరరావు గారికి మహీధర్ నమస్కారాలు. ఈ ఉత్తరం జర కూర్చుని చదవండి.

కరుణాకర్ వచ్చాడు. డబ్బా చెడిపోలేదండీ. ఆ ఫైలుకు తాళం వేసింది అతనే, వేయమన్నది మీరే. కాగితం చేతికిస్తూ "నేను రాసినంక ఒక్క అక్షరం ఎవ్వడు ముట్టొద్దు, మా తమ్ముడొచ్చినా సరే" అన్నారట. అతను అక్షరాలా పాటించాడు.

ఆ కాగితంలో మీ పేరు లేదండీ. "సార్, మీ పేరు రాయలే" అని కరుణాకర్ అడిగితే మీరు "నా పేరు నేనే రాసుకుంటే ఏం బాగుంటది? ఆళ్లే పెడ్తరు" అన్నారట.

వాళ్లు పెడుతూనే ఉన్నారు. మీ తమ్ముడు రోజూ చాదర్‌ఘాట్ నుంచి వచ్చి నా పక్కన కూర్చుని మీ పేరు కొట్టిస్తున్నాడు. అది పోతోంది, ఆయన మళ్లీ కొట్టిస్తున్నాడు. నిన్న హాసిని వచ్చి "పెద్దనాన్న పేరు లేకుంటే నాకు కార్డే వద్దు" అని ఏడ్చింది.

ఇప్పుడు తీయరా అంటే కరుణాకర్ తీయడు. "సార్ మాటున్నది. సార్ చెప్తేనే తీస్త" అంటాడు. నేను వాడికి జీతమిచ్చే ఓనర్ని, అయినా లాభం లేదు.

మీ
మహీధర్

తా.క. బగారా అన్నమేనట. మీ తమ్ముడు మరీ మరీ రాయమన్నాడు.

---

హిమాయత్‌నగర్

మహీధర్ గారికి,

మీరూ, మీ కరుణాకరూ క్షేమమని తలుస్తాను.

విషయం పరిశీలించడమైనది. అనుమతించడమైనది.

ఇట్లు,
అమరేశ్వరరావు

తా.క. నా పేరు అందరికంటే పైన వేయండి. ఆ బామ్మర్ది పేరుకంటే పొడవుగా రావాలి, ఇంటిపేరూ, పాత హోదా అన్నీ కలపండి. వాళ్లే పెడతారులే అని ఊరుకునే ఓపిక ఇక నాకు లేదు. ఫోన్ ఆన్ చేశాను, మా తమ్ముడికి చెప్పండి.